అమ్మ వేలిముద్రలు, వయ వందన కార్డు
డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. అర్హతకు ఆధార్‌లోని వయసే ప్రమాణం కనుక, మా అమ్మకు పని సులువుగా అవుతుందనుకున్నాను. కానీ ఏళ్ల తరబడి అంట్లు తోమి, చింతపండు పిసికి అరిగిపోయిన ఆ వేళ్లను నాలుగుసార్లు తుడిచి ఒత్తించినా యంత్రం గుర్తించలేదు. ఓటీపీ అడిగితే అది ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు వెళ్లింది. చివరకు ఆధార్ కేంద్రంలో కనుపాప గుర్తింపుతో నా మొబైల్ నంబరును నమోదు చేయించి, అది మారాక ఆయుష్మాన్ యాప్‌లో ఓటీపీతోనే ఈకేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ) పూర్తిచేశాను. నిజానికి మొదట చేయవలసింది అదే. కార్డు ఇప్పుడు అమ్మ మందుల డబ్బాలో ఉంది.