గణిత తరగతిలో కీలక క్షణాన్ని గుర్తించడం ఎలా నేర్చుకోవాలి?

తరగతిలో జరిగే ప్రతి విషయాన్నీ ఏ ఉపాధ్యాయుడూ పట్టించుకోలేడు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. విద్యార్థి మాటలోగాని రాతలోగాని అతని ఆలోచన స్పష్టంగా కనిపించి, అది పాఠంలోని ముఖ్యమైన భావనను తాకి, దానిపై అప్పటికప్పుడు చర్చిస్తే తరగతి మొత్తానికి మేలు జరిగే సందర్భమే ఆగి చూడవలసిన క్షణం. కూడికలో తొందరపాటుతో దొర్లిన పొరపాటును సరిదిద్దించి ముందుకు సాగవచ్చు.

8 + 4 = □ + 5 అనే లెక్కను తీసుకుందాం. చాలామంది పిల్లలు గడిలో 12 రాస్తారు, కొందరు 17 రాస్తారు. రెండూ తప్పులే, కానీ ఒకే తప్పు కాదు. 12 రాసిన విద్యార్థి సమాన గుర్తును ‘ఇక్కడ జవాబు రాయాలి’ అనే ఆదేశంగా చదివి ఉండవచ్చు; 17 రాసిన విద్యార్థి కనిపించిన సంఖ్యలన్నిటినీ కూడాడు. సరైన జవాబు 7 అని చెప్పేస్తే పాఠం సాగిపోతుంది గాని, బీజగణితం మొత్తం ఆధారపడిన సమానత్వ భావన చర్చకు రాకుండానే పోతుంది. ‘గుర్తుకు కుడివైపున మొత్తం ఎంత ఉంది? ఎడమవైపున ఎంత ఉంది?’ అని అడిగితే ఆ క్షణం ఫలిస్తుంది.

2010లో జేకబ్స్, ల్యాంబ్, ఫిలిప్ అనే పరిశోధకులు ఈ నైపుణ్యాన్ని మూడు పనులుగా వివరించారు: విద్యార్థి చేసినదాన్ని గమనించడం, దాని వెనుక అవగాహనను అంచనా వేయడం, ఎలా స్పందించాలో నిర్ణయించడం. మొదటి రెండింటికీ బోధనానుభవం కొంత తోడ్పడుతుంది గాని, మూడవది అనుభవంతోనే అలవడదని వారు గ్రహించారు. అందుకే ప్రత్యేక సాధన తప్పనిసరి.

ఆ సాధన తరగతి బయట, తీరికగా జరగాలి. పాఠానికి ముందు లెక్కను పిల్లలు చేయగల పద్ధతులన్నిటిలో మీరే చేసి చూసుకోండి. ఊహించి ఉంచుకున్న ఆలోచనను తరగతి సందడిలో గుర్తించడం తేలిక. తరువాత కొద్ది నిమిషాల తరగతి వీడియోను సహోద్యోగులతో కలిసి చూడండి. షెరిన్, వాన్ ఎస్ అనే పరిశోధకులు అధ్యయనం చేసిన, ఇలా కలిసి వీడియోలు చూసే బృందాలలో ఉపాధ్యాయుల చర్చ క్రమంగా బోధకుని ప్రవర్తన నుంచి విద్యార్థుల ఆలోచన వైపు మళ్లింది. ఆ మలుపు రావాలంటే ఒక నియమం కచ్చితంగా పాటించాలని నా అభిప్రాయం: విద్యార్థి ఏమన్నాడో, ఏమి రాశాడో ఉన్నదున్నట్టు చెప్పేవరకు ‘అర్థమైంది’, ‘అర్థం కాలేదు’ అనే తీర్పులు ఎవరూ ఇవ్వకూడదు. చివరగా, ఆ విద్యార్థిని మీరు అడగబోయే తదుపరి ప్రశ్నను ఎవరికి వారు రాసి, పోల్చి చూసుకోండి.

తరగతిలో మాత్రం ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు ఆగండి. ఉపాధ్యాయులు సాధారణంగా 1 సెకను మాత్రమే ఆగుతారని, ఎక్కువసేపు ఆగితే విద్యార్థుల జవాబులు దీర్ఘంగా, కారణాలతో కూడి ఉంటాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపారు. అయినా ఒక సందర్భం చేజారితే, ఆ విద్యార్థి రాసినదాన్ని పేరు చెప్పకుండా మరునాడు బోర్డుపై ఉంచి, ఇలా ఎందుకు ఆలోచించి ఉంటారని తరగతిని అడగండి.