నేపాల్‌లో పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, బంజీ ప్లాన్ చేస్తున్నారా? ముందు ఒక ఖాళీ రోజు పెట్టుకోండి

2024 సెప్టెంబర్ ఆఖర్లో నేపాల్‌లో కురిసిన వానలకి రెండొందల మందికి పైగా చనిపోయారు. ఖాట్మండులోకి వచ్చే హైవే మీద ఝ్యాప్లే ఖోలా దగ్గర ఆగి ఉన్న బస్సుల మీద కొండ విరిగిపడింది. 2025 అక్టోబర్ మొదటి వారంలో మళ్ళీ అదే కథ, ఈసారి తూర్పున ఇలాం జిల్లాలో కొండచరియలు ఇళ్ళని ఊడ్చుకుపోయాయి. రెండుసార్లూ అది వానాకాలం అయిపోయింది, సీజన్ మొదలైంది అని మనవాళ్ళు బ్యాగులు సర్దుకునే టైమే. దసరా సెలవులకి నేపాల్ వెళ్తున్నాం, అక్కడ ఏమేం చేయొచ్చు అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

హెల్మెట్ పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి, నీళ్ళు తాగండి లాంటివి రాయను, అవి మీకు తెలుసు. నేను చూసినంతలో మనవాళ్ళని ముంచేది ఒక్కటే: ప్లాన్‌లో ఖాళీ రోజు లేకపోవడం. ఐదు రోజుల లీవ్, అందులో సోమవారం రాఫ్టింగ్, మంగళవారం పారాగ్లైడింగ్, బుధవారం బంజీ, గురువారం రాత్రి బస్సు, శుక్రవారం ఫ్లైట్. ఇందులో ఏ ఒక్క రోజు గాలి బాగోకపోయినా, నది పొంగినా, మీకు జ్వరం వచ్చినా "ఈరోజు వద్దు, రేపు చేద్దాం" అనడానికి రేపు అనేదే లేదు. వద్దు అనే ఛాన్స్ మీరు ఇంట్లో కూర్చుని టికెట్ బుక్ చేసినప్పుడే పోగొట్టుకున్నారు. ధైర్యం, అనుభవం, మంచి ఆపరేటర్ అన్నీ దీని తర్వాతే.

గాలి

పోఖరాలో టాండెం (పైలట్‌తో కలిసి ఎగిరే) పారాగ్లైడింగ్ అంటే ఎక్కువగా సారంగ్‌కోట్ వైపు కొండల మీంచి ఎగిరి ఫేవా చెరువు పక్కన దిగడం. గాలి కుదరని రోజు పైన టేకాఫ్ దగ్గర ఎలా ఉంటుందో చెప్తా. విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) కాసేపు లోయ వైపు నుంచి నిండుతుంది, అంతలోనే సగం తిరిగి వేలాడిపోతుంది, మళ్ళీ ఇంకో పక్కకి ఊగుతుంది. పైలట్లు వింగ్ (మోసే గుడ్డ రెక్క) విప్పరు, బ్యాగుల మీదే కూర్చుని మబ్బుల వైపు చూస్తుంటారు. అలా అరగంట, గంట. అప్పుడు మొదలవుతుంది మనవాళ్ళ గొడవ, "భయ్యా రాత్రికి బస్సుంది, డబ్బులు కట్టేశాం, ఏదో ఒకటి చేయండి" అని. పైలట్‌కి కూడా ఫ్లైట్‌కి ఇంత అని వచ్చే డబ్బే కదా, పదిమంది మీద పడితే ఎవరో ఒకరు సరే రమ్మంటారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ "సరే" వింటేనే. వెనక నుంచి గాలి తోస్తుంటే వింగ్ లేవడానికి ఇంకా గట్టిగా, ఇంకా దూరం పరిగెత్తాలి, అంతలో నేల అయిపోతుంది. మధ్యాహ్నం ఎండకి వేడెక్కిన గాలి పైకి తంతుంది, మార్చి నుంచి మే దాకా అయితే ఇంకా ఎక్కువ, సాయంత్రానికి ఉరుముల మబ్బు కట్టిందంటే అసలు కొండెక్కే పనే లేదు. పైలట్ ఆగమంటే ఆగండి, బతిమాలకండి. మరుసటి రోజు ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరూ బతిమాలరు, టీ తాగి కిందికి దిగిపోతారు.

హడావిడిలో మర్చిపోయేది కట్లు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో ఒక హ్యాంగ్ గ్లైడర్ (బిగుతు రెక్క కింద వేలాడుతూ ఎగిరేది) పైలట్ ప్యాసింజర్‌ని గ్లైడర్‌కి తగిలించడమే మర్చిపోయి ఎగిరాడు, ఆ మనిషి రెండు నిమిషాలకి పైగా చేతుల్తో వేలాడి, మణికట్టు విరిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. 2024 ఫిబ్రవరిలో మన కులూలో టాండెం పారాగ్లైడింగ్‌లో ఒక టూరిస్ట్ పైనుంచి పడి చనిపోయింది, బెల్టులు సరిగ్గా చూడలేదని పైలట్‌ని అరెస్ట్ చేశారు. అందుకే పైలట్ చూశాడులే అనుకోకుండా మీరే చేత్తో లాగి చూసుకోండి: రెండు తొడల దగ్గర రెండు కట్లు, ఛాతీ దగ్గర ఒకటి, మిమ్మల్ని వింగ్‌కి కలిపే క్యారబినర్లు (ఇనప కొక్కేలు) రెండూ మూసుకుని లాక్ అయ్యాయా. రిజర్వ్ పారాచూట్ ఉందా అని అడగండి. ఫోటో కోసం ఒకసారి కట్టింది విప్పి మళ్ళీ కట్టారంటే మొత్తం మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. పరిగెత్తమంటే పరిగెత్తండి, కూర్చోమనేదాకా కూర్చోకండి. చాలామంది కాళ్ళ కింద నేల కాస్త వంగగానే సీట్లో కూర్చుండిపోతారు, వింగ్ ఇంకా పూర్తిగా మోయట్లేదు, ఇద్దరూ కలిసి వాలు మీద కూలబడతారు.

నీళ్ళు

త్రిశూలి ఖాట్మండు, పోఖరా రోడ్డు పక్కనే పారుతుంది కాబట్టి బస్సు దిగి రాఫ్టింగ్ చేసి మళ్ళీ బస్సెక్కేయొచ్చు అని ప్యాకేజీల్లో పెడతారు. వానలు తగ్గాక అది కొత్తవాళ్ళు చేయగలిగే నదే. కానీ నది గ్రేడ్ (ఎంత కష్టమో చెప్పే లెక్క) అనేది దాని మీద అచ్చేసిన నంబర్ కాదు, నీళ్ళు పెరిగితే అదే ర్యాపిడ్ (నీళ్ళు రాళ్ళ మీద ఉరికే చోటు) వేరే ర్యాపిడ్ అయిపోతుంది. పోయిన నెల మీ ఫ్రెండ్ చేసిన నది, ఈరోజు మీ ముందున్న నది ఒకటి కాదు. భోటే కోశి అయితే మామూలు రోజుల్లోనే నిటారుగా, గట్టిగా ఉంటుంది, మొదటిసారి రాఫ్ట్ ఎక్కేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

మీ నెత్తిన వాన లేదు కాబట్టి నది సేఫ్ అనుకోకండి. 2025 జూలై 8న రసువా దగ్గర వరద వచ్చి నేపాల్, చైనా బోర్డర్ మీదున్న వంతెనని ఎత్తుకుపోయింది. టిబెట్ వైపు హిమానీనదం మీద ఏర్పడిన సరస్సు ఒక్కసారిగా ఖాళీ అవడమే కారణమని తేల్చారు, ఆ నీళ్ళు వచ్చి కలిసేది ఈ త్రిశూలిలోనే. క్యాన్యనింగ్‌కి (ఇరుకు లోయలో వాగు వెంట దిగడానికి) ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇరుకు లోయలో రెండు పక్కలా గోడలే, పారిపోవడానికి చోటుండదు. 1999 జూలైలో స్విట్జర్లాండ్‌లో జాక్సెటెన్ వాగులో క్యాన్యనింగ్ చేస్తుంటే పైన ఉరుముల వాన పడి వరద వచ్చి 21 మంది చనిపోయారు. నీళ్ళు మట్టి రంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఒడ్డు రాళ్ళ మీద నీటి మట్టం కళ్ళ ముందే పైకి పాకుతున్నా ఎవరి పర్మిషన్ అడక్కుండా ఒడ్డు ఎక్కేయండి. ఆరోజు వద్దంటే ఆపరేటర్ ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. ఖాళీ రోజు ఉంటే ఎల్లుండి చేస్తారు, లేదా చేయరు.

రాఫ్ట్‌తో పాటు సేఫ్టీ కయాక్ (పడినవాళ్ళని పట్టుకునే చిన్న పడవ) వస్తుందా అని డబ్బు కట్టకముందే అడగండి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని వెనక నుంచి ఎవరినైనా పైకి లాగమనండి, చెవుల దాకా వచ్చేస్తే అది మీ సైజు కాదు లేదా కట్లు వదులు. నీళ్ళలో పడితే వెల్లకిలా తిరిగి, కాళ్ళు ముందుకి నది పోయే వైపు, వేళ్ళు నీటి పైకి కనబడేలా పెట్టండి. పారే నీళ్ళలో లేచి నిలబడొద్దు, నడుము లోతే అయినా సరే. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి నీళ్ళు తోసి ముఖాన్ని కిందికి నొక్కేస్తాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయేది అలాగే. తాడు విసిరితే పట్టుకోండి, చేతికి చుట్టుకోకండి.

ఎత్తు

అన్నపూర్ణ ట్రెక్ దారిలో ఉన్న మనాంగ్ దాకా ఇప్పుడు జీపులు వెళ్తున్నాయి. జీపెక్కే బేసీసహర్ ఎనిమిదొందల మీటర్లు కూడా ఉండదు, మనాంగ్ మూడున్నర వేలు. రోజులు తక్కువున్నవాళ్ళు పొద్దున ఇక్కడ ఎక్కి రాత్రికి అక్కడ దిగి, తలనొప్పికి మాత్ర వేసుకుని, తెల్లారి ఇంకా పైకి నడుస్తారు. పోఖరా నుంచి ఒక్క రోజులో జీపులో ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళదీ దాదాపు ఇదే పరిస్థితి, పెద్దవాళ్ళని తీసుకెళ్తే మరీ. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. ఈ రూల్ మొత్తం ఖాళీ రోజుల మీదే నిలబడి ఉంది. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి వెళ్ళొద్దు. నడుస్తుంటే తూలుతున్నా, మాట తేడాగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా పొద్దుటిదాకా ఆగకుండా రాత్రికి రాత్రే కిందికి దించండి. డయామాక్స్ (ఎత్తు జబ్బుకి వేసుకునే మాత్ర) ఇక్కడ డాక్టర్‌ని అడిగే తీసుకోండి, అది వేసుకున్నాం కదా అని ఎత్తు తొందరగా ఎక్కేయడానికి కాదు.

వైజాగ్ వాళ్ళకి హుద్‌హుద్ తుఫాను గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబర్ 12న. దాని మిగులే ఉత్తరానికి పోయి రెండు రోజుల తర్వాత అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానైంది, 5,416 మీటర్ల థొరాంగ్ లా పాస్ (కొండల మధ్య దాటే కనుమ) చుట్టుపక్కల ట్రెక్కర్లు, గైడ్లు, అక్కడి ఊళ్ళవాళ్ళు కలిసి 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ అంటే ఆకాశం నీలంగా ఉంటుందని నమ్మి పెట్టుకున్న ప్లాన్లే అవన్నీ. బంగాళాఖాతంలో తుఫాను ఉందంటే పాస్ దాటొద్దు, కింద ఊళ్ళో ఉండిపోండి. ఉండిపోవాలంటే రోజు ఉండాలి.

బంజీ గురించి నాకు భయం తక్కువే. భోటే కోశి మీద 160 మీటర్లు, కుష్మాలో కాలీ గండకీ లోయ మీద 228 మీటర్లు, చూస్తే గుండె ఆగుతుంది కానీ గాలీ నీళ్ళూ మారినట్టు తాడు మారదు. బరువు తూచి దాన్ని బట్టే తాడు పెడతారు కాబట్టి మొహమాటానికి బరువు తగ్గించి చెప్పకండి, వాళ్ళు తూచకపోతే దూకకండి. కాళ్ళకే కాదు, నడుము హార్నెస్‌కి (పట్టీల కట్టుకి) కూడా కనెక్షన్ ఉందా చూడండి. బీపీ, గుండె, మూర్ఛ, నడుము మెడ సమస్యలు, ప్రెగ్నెన్సీ, కంటి ఆపరేషన్, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్ళు వద్దు. ఫారంలో దాచి రాస్తే నష్టం మీకే.

ఇక మిగతావి ఒక వరసలో లేవు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

రాత్రి బస్సు దిగి నేరుగా టేకాఫ్‌కి వెళ్ళకండి. నిద్ర లేని మనిషి చెప్పింది వినడు, కట్లు చూసుకోడు.

కొండ రోడ్ల మీద రాత్రి ప్రయాణమే వద్దు, మరీ ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. 2024 జూలైలో సిమల్‌తాల్ దగ్గర తెల్లవారుజామున కొండచరియ రెండు బస్సుల్ని త్రిశూలిలోకి తోసేసింది, చాలామంది శరీరాలు కూడా దొరకలేదు.

చేయాల్సినవి ట్రిప్ మొదట్లో పెట్టుకోండి, ఖాళీ రోజు వాటి తర్వాత పెట్టండి. ఆఖరి రోజుకి ఏదీ పెట్టొద్దు.

ఖాళీ రోజుని ఇంకో యాక్టివిటీతో నింపకండి. నింపితే అది ఖాళీ రోజు కాదు.

రెండ్రోజుల్లో మూడు అడ్వెంచర్లు అనే కాంబో ప్యాకేజీ కొనొద్దు.

డబ్బు కట్టేముందు అడగండి: గాలి బాగోకపోతే వెనక్కి ఇస్తారా, వేరే రోజుకి మారుస్తారా. రాసివ్వమనండి. రాసివ్వనివాడి దగ్గర కట్టొద్దు.

పోతే పోనీ ఆ డబ్బు. కట్టాం కదా అని ఎగరకండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, బంజీ పేర్లు కనబడాలి, అడ్వెంచర్ కవర్ అని ఒక ముక్క ఉంటే చాలదు. ఎత్తు లిమిట్ ఎన్ని మీటర్లో చదవండి, థొరాంగ్ లా దానికి పైనుంటే పాలసీ ఉన్నా లేనట్టే.

తాగి ఉంటే క్లెయిమ్ రాదు. లైసెన్స్ లేకుండా బైక్ నడిపితే రాదు.

స్కూటీ అద్దెకిచ్చాడంటే మీకు నడపడం వచ్చని కాదు. ముందు రెండు బ్రేకులూ చూసుకోండి. దిగుడులో న్యూట్రల్ వేయొద్దు.

హెలికాప్టర్ పిలుస్తాం అని ఎవరైనా తొందరపెడితే, మనిషి ప్రాణం మీదకి వచ్చిన పరిస్థితి కాకపోతే, ముందు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేయండి. అవసరం లేని రెస్క్యూల మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ చేయించింది. నిజంగా ప్రాణం మీదకి వస్తే మాత్రం లెక్కలు వేయకండి, పిలవండి.

సెల్ఫీ స్టిక్ గాల్లోకి తీసుకెళ్ళొద్దు. చున్నీ, స్కార్ఫ్ తీసేయండి. జుట్టు ముడేయండి. జిప్‌లైన్‌కి కూడా.

గ్రూపులో ఒక్కరు వద్దన్నా వాళ్ళని ఎగతాళి చేయొద్దు. ఆ ఒక్కరికి కనబడింది మీకు కనబడకపోయి ఉండొచ్చు.

ఇంట్లోవాళ్ళకి మీ ప్లాన్ తేదీలతో పంపండి, ఒక రోజు ఆలస్యం అవ్వొచ్చని ముందే చెప్పండి. ఆఫీసులో కూడా చెప్పండి. లీవ్ ఒక రోజు ఎక్కువ పెట్టండి. దొరకకపోతే లిస్టులోంచి ఒకటి కొట్టేయండి, ఖాళీ రోజుని మాత్రం కొట్టేయొద్దు.

టూరిస్ట్ పోలీస్ 1144, పోలీస్ 100, అంబులెన్స్ 102, పాలసీ నంబర్, బ్లడ్ గ్రూప్. ఇవన్నీ ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, నీళ్ళకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో.