నిద్ర చాలని రోజు ఫొటో, మొహం సరిచూడాలంటే

రాత్రంతా రైల్లో కూర్చొని పొద్దున్నే అనంతపురంలో పరీక్ష డ్యూటీకి దిగితే, హాల్‌టికెట్ ఫొటోలు, ఎదుటి మొహాలు అన్నీ ఒకేలా కనబడతాయి. మొత్తం మొహం చూసి ‘ఇతనేలే’ అనుకోవద్దండి. నిద్రలేనప్పుడు తప్పు చెబుతున్నా నమ్మకంగానే అనిపిస్తుంది.

ముందు చెవి చూడండి: తమ్మె విడిగా వేలాడుతోందా, చెంపకు అతుక్కుందా. తర్వాత పుట్టుమచ్చలు, గాటు మచ్చలు, ఆపైన ముక్కు. జుట్టు, గడ్డం వదిలేయండి, అవి నెలకోరకంగా మారతాయి.

అనుమానమొస్తే పక్కవారికి చూపించండి. మీరేమనుకున్నారో మాత్రం ముందే చెప్పకండి, చెబితే వాళ్లకూ అదే కనబడుతుంది. విడివిడిగా తేల్చుకున్నాకే మాట కలపండి.

ఇద్దరూ రాత్రి మేలుకున్నవాళ్లయితే ఇది పెద్దగా పనిచేయదు. కంటినిండా నిద్రపోయి వచ్చిన మూడోవారిని పిలవాలి.