ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ బీడీవీ పరీక్ష: శాంపిల్ ఎలా తీయాలి, రిపోర్ట్ ఎలా చదవాలి?

ఆదోనిలో పత్తి రావడం మొదలైతే జిన్నింగ్ మిల్లులకు తీరిక ఉండదు. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లు ఆలోపే ఆయిల్ టెస్ట్ చేయించుకోవడం మేలు. బీడీవీ అంటే బ్రేక్‌డౌన్ వోల్టేజ్, అంటే ఆయిల్ ఇక తట్టుకోలేక స్పార్క్ దూకే వోల్టేజ్. టెస్ట్ అనగానే అందరూ మెషీన్ గురించే అడుగుతారు. నన్నడిగితే అసలు పని సీసా దగ్గరే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో బాగానే ఉన్న ఆయిల్ కూడా శాంపిల్ తీసేవాడి చేతిలో చెడి ఫెయిల్ అవుతుంది.

ఈ ఆయిల్ పెట్రోలియం నుంచి తీసిన హైడ్రోకార్బన్. శుభ్రంగా ఉంటే కరెంటును దాదాపు పోనివ్వదు. చేటు తెచ్చేవి అందులో చేరిన తేమ, నూగు, ఆయిల్ పాతబడేకొద్దీ పుట్టే ఆమ్లాలు. పత్తి మిల్లులో నూగుకు కొదవేముంది? తేమ పీల్చిన పోగును ఎలక్ట్రిక్ ఫీల్డ్ తనవైపు లాగుతుంది. అలా పోగులు ఒకదాని వెనక ఒకటి చేరి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వంతెన కడితే స్పార్క్ దాని మీదుగానే దూకుతుంది.

ముందు కరెంటు సంగతి

ఇదంతా మీ సొంత ట్రాన్స్‌ఫార్మర్‌కే. వీధిలో, పొలంలో ఉండే డిస్కం ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోవద్దు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ లైన్ క్లియర్ (లైన్ ఆపి పని చేసుకోవడానికి డిస్కం ఇచ్చే అనుమతి) తీసుకుని, రెండు వైపులా సప్లై ఆపి, ఎర్త్ చేశాకే వాల్వ్ ముట్టుకోవాలి. జనరేటర్ ఉంటే అటు నుంచి కరెంటు వెనక్కి రాకుండా చూడాలి.

శాంపిల్ తీయడం

వాన, దుమ్ముగాలి లేని రోజు చూసుకోండి. జిన్నింగ్ నడుస్తుండగా తీయొద్దు. లీటరు పట్టే గాజు సీసాను కడిగి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టాలి. లోపల గుడ్డతో తుడిచారో, ఆ గుడ్డ పోగులే రిపోర్ట్‌లోకి ఎక్కుతాయి.

కన్సర్వేటర్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ పైన ఉండే చిన్న ఆయిల్ ట్యాంకు) లెవెల్ సరిగ్గా ఉందో లేదో చూసి, అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్ నుంచే తీయాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి కిందికి చేరతాయి. వాల్వ్ మూతి శుభ్రం చేసి, మొదటి లీటరో రెండు లీటర్లో బకెట్‌లోకి వదిలేయండి. తర్వాత వచ్చే ఆయిల్‌తోనే సీసాను కడిగి పారబోసి, గోడ వెంట నెమ్మదిగా జారేలా నింపండి. బుడగలు రాకూడదు. మూత బిగించి తేదీ, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, ఆయిల్ వేడి రాయండి.

ఆ వేడి ఎందుకంటారా? వేడి ఆయిల్‌లో నీళ్లు ఎక్కువ కరిగి కనబడకుండా ఉంటాయి. చల్లబడితే బొట్లుగా విడిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం లోడ్ మీద ఉన్నప్పుడు బాగున్న ఆయిల్, మిల్లు ఆపి చల్లబడ్డాక దెబ్బతీయొచ్చు.

టెస్ట్, ఫలితం

మెషీన్‌లో ఆయిల్ పోసే పాత్రను సెల్ అంటారు. అందులోని ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, గేజ్‌తో చూడాలి. సెల్‌ను శాంపిల్ ఆయిల్‌తోనే కడిగి, నింపి, బుడగలు పోయేలా 5 నిమిషాలు ఆగాలి. వోల్టేజ్‌ను సెకనుకు 2 కేవీ చొప్పున పెంచి స్పార్క్ ఎక్కడ వచ్చిందో రాసుకోవాలి. మధ్యలో 2 నిమిషాలు విరామమిస్తూ 6 సార్లు చేసి సగటు తీయాలి. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కు 40 కేవీ పైన వస్తే నిశ్చింత. 30 లోపు అయితే ముందు శాంపిల్ మళ్లీ తీయించండి. అప్పుడూ అంతే వస్తే ఫిల్టర్ చేయించాల్సిందే.

కానీ బీడీవీ పాసైందని అంతటితో వదిలేయకండి. కరిగిన ఆమ్లాల అయాన్లు అందులో పెద్దగా బయటపడవు. ప్లస్, మైనస్ చార్జీల మధ్య ఆకర్షణను తగ్గించే గుణాన్ని పర్మిటివిటీ అంటారు. నీటి పర్మిటివిటీ సుమారు 80, ఆయిల్‌ది 2.2 మాత్రమే. అందుకే ఆయిల్‌లో ప్లస్, మైనస్ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, విడివడేవి కొన్నే. వేడెక్కి ఆయిల్ పలచబడితే ఆ కొన్నీ చురుగ్గా కదులుతాయి, కరెంటు లీకేజీ పెరుగుతుంది. టాన్ డెల్టా (ఆయిల్‌లో వృథా అయ్యే కరెంటు కొలత), రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) 90 డిగ్రీల దగ్గర చూసేది ఇందుకే. ఆయిల్ పాతదైతే ఈ రెండింటితో పాటు ఆమ్లత కూడా చూడమని ల్యాబ్‌వాళ్లకు చెప్పండి. ఆమ్లాలు మామూలు ఫిల్టరేషన్‌తో పోవు. ఫుల్లర్స్ ఎర్త్ అనే పీల్చుకునే మట్టితో శుద్ధి చేయించాలి, లేదా ఆయిల్ మార్చాలి.

శాంపిల్ తీసి వెళ్లేముందు బ్రీదర్‌లోని (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిలో తేమ పీల్చే డబ్బా) సిలికా జెల్ చూడండి. నీలం రకం గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్టే. దాన్ని మార్చకుండా ఆయిల్ ఫిల్టర్ చేయిస్తే డబ్బు దండగ.