ఎయిర్‌బాక్స్‌కి కన్నాలు పెట్టే ముందు

రాయగడ నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు బైకు ఆయాసపడుతోందని, గాలి ఎక్కువ అందాలని ఎయిర్‌బాక్స్ (ఇంజన్‌కి గాలి వెళ్లే, ఫిల్టర్ ఉండే డబ్బా) మూతకి డ్రిల్లుతో కన్నాలు పెట్టేస్తున్నారు మావాళ్లు కొందరు, కాస్త ఆగండి. ముందు ఫిల్టర్ తీసి ఎండకేసి చూడండి, మా వైపు ఎర్రమట్టికి అది ఇటుకలా తయారవుతుంది, సగం రోగం అక్కడే. కొత్తది వేసినా లాగకపోతే బాక్స్ మూతి దగ్గరుండే రబ్బరు గొట్టం, అదే స్నార్కెల్, ఒక్కటి తీసి నడిపి చూడండి. నచ్చకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, కోసేసిన ప్లాస్టిక్ అతకదు కదా!

కార్బ్యురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) ఉన్న బండికి గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, మెయిన్ జెట్, అంటే అందులో పెట్రోలు వచ్చే సన్న కన్నం ఉన్న చిన్న మర, ఒక సైజు పెద్దది వెయ్యాల్సి రావచ్చు. ఘాట్ ఒకసారి గట్టిగా ఎక్కించి, ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పండి: మొన పాల టీ రంగులో ఉంటే సరే, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, అలాగే తోలితే పిస్టన్‌కే ముప్పు. వానలు మొదలయ్యాక మాత్రం గొట్టం బిగించేయండి.