సహజ కాన్పుకు మనసును సిద్ధం చేసుకునేవారికి జాగ్రత్తలు

ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా శ్వాస సాధన చేస్తూ ఇంట్లో ఆగకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ప్రశాంతత నొప్పిని ఓర్చుకోవడానికి తోడ్పడుతుందే కాని ప్రమాదాన్ని ఆపలేదు.

సిజేరియన్ అవసరమని వైద్యులు చెబితే, మన మనోబలం చాలలేదని బాధపడుతూ జాగు చేయకూడదు.

శ్వాస సాధనను ఇప్పటి నుంచే రోజూ చేయాలి, ఎందుకంటే భయంతో పెరిగే అడ్రినలిన్ అనే హార్మోన్, గర్భాశయాన్ని సంకోచింపజేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌కు అడ్డుపడవచ్చు. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించకుండా, దవడను, భుజాలను వదులుచేసి, వేడి పాలను ఊదినంత నెమ్మదిగా గాలి వదలాలి.

వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవాలి, లేకుంటే గర్భం బరువు గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరను నొక్కుతుంది.

కాన్పు గదిలోకి అమ్మనో అక్కనో రానిస్తారేమో ముందే అడగాలి. నడుము నిమిరే తెలిసిన చేయి ఎంతో ధైర్యాన్నిస్తుంది.