తాతల నాటి డైరీలో సింగపూర్ అడ్రస్ ఉంటే

నల్గొండ, పాలమూరు ఇండ్లల్ల పాత పెట్టెలు తెరిస్తే ఉర్దూ డైరీలు దొరుకుతయ్. అందులో మలయా (ఇప్పటి మలేషియా), సింగపూర్ అడ్రస్ కనబడితే ముందు తేదీ తేల్చుకోండి. నిజాం రాజ్యంల రాసింది చాలావరకు ఫస్లీ లెక్క, అంటే అప్పటి సర్కారు సంవత్సరం. దాని మొదటి నెల ఆజుర్, అక్టోబర్ మొదటివారంలో మొదలైతది. ఇంగ్లిష్ సంవత్సరం రావాలంటే డిసెంబర్ దాకా ఫస్లీకి 590 కలపాలె, జనవరి నుంచి 591. 1351 బహ్మన్ (మూడో నెల) అంటే సుమారు 1941 డిసెంబర్, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో మలయాలోని కోటా బారులో జపాన్ సైన్యం దిగిన నెల. ఇక్కడ తప్పితే ఏడాది తేడా వస్తది, మిగతాదంతా వృథా.

ఉర్దూలో హ్రస్వ అచ్చులు రాయరు కాబట్టి పరదేశపు ఊరిపేరు నాలుగు తీర్ల చదవొచ్చు. పాత సేత్వార్లు (నిజాం నాటి భూమి రికార్డులు) చదివే పెద్దమనిషితో చదివించి, వచ్చిన రూపాలన్నీ రాసుకోండి. పేర్లు మారినయ్ కూడా: పోర్ట్ స్వెటెన్‌హామ్ ఇప్పుడు పోర్ట్ క్లాంగ్, తెలుక్ ఆన్సన్ తెలుక్ ఇంతాన్. వీధి పేరుంటే సింగపూర్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పత్రికల్లో వెతకండి, ఉచితమే.

'ఎఫ్.పి.ఓ.' అని నంబర్ ఉంటే అది ఊరు కాదు, ఫీల్డ్ పోస్టాఫీసు, అంటే ఫౌజు వెంట ఉండే తపాలా. దళంతోపాటు కదులుతది, మ్యాపులో వెతికి లాభం లేదు.

అందరూ బోల్తా పడేది 'హైదరాబాద్' దగ్గర. నిజాం సొంత ఫౌజు ఒకటో హైదరాబాద్ ఇన్ఫాంట్రీ వేరు, బ్రిటిష్ ఇండియా 19వ హైదరాబాద్ రెజిమెంట్ వేరు. రెండోది పేరు 1945లో కుమావూఁ రెజిమెంట్ అయింది. యుద్ధంలో రెండింటి మనుషులూ మలయాలో ఉన్నరు.